తెర మీద నలభై, లోపల సున్నా

ఆమె రాసే ప్రోగ్రాములకు బావ పెట్టిన పేరు చెక్‌పోస్టు. "మీ చెల్లెలి చెక్‌పోస్టు దాటి ఒక్క అంకె లోపలికి పోవాలంటే తల ప్రాణం తోకకొస్తోంది" అని అక్కతో అంటుండేవాడు, ఆమెకు వినపడేటట్టే. ఆమె నవ్వి ఊరుకునేది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు మరి.

ఆమెదీ, ఆమె భర్తదీ ఒకటే పని. ఇంటి ముందు గదిలో రెండు బల్లలు వేసుకుని, చిన్న చిన్న ఫ్యాక్టరీలకూ దుకాణాలకూ కంప్యూటర్ ప్రోగ్రాములు రాసిచ్చేవాళ్ళు. రాసేది ఆమె. తీసుకెళ్ళి పెట్టేది, వాడటం నేర్పేది, ఫోన్లు ఎత్తేది, కోపం వచ్చినవాళ్ళను బుజ్జగించేది అతను. కలిసి చదువుకున్న రోజుల నుంచి ఒకరినొకరు నువ్వు అనే పిలుచుకునేవాళ్ళు. నలుగురి ముందు మాత్రం ఆమె "ఆయన" అనేది. ఆయనకు ఎవరితోనూ కాదు అనడం చేతకాదు. ఆమెకు సరే అనడం ఓ పట్టాన రాదు. అందుకే వ్యాపారం నడుస్తోందని అక్క అనేది.

తెర మీది పెట్టెలో మనిషి ఏది కొట్టినా కంప్యూటర్‌కు మొదట అది ఉత్త అక్షరాలే. మనం పదిహేను అని చదివేది దాని కంటికి ఒకటి బొమ్మ, పక్కన అయిదు బొమ్మ. ఆ బొమ్మలను అంకెగా మార్చుకున్నాకే దానితో ఏ పనైనా. మారకపోతే ఏం చెయ్యాలన్నది రాసేవాళ్ళ చేతిలో ఉంటుంది. ఆమె పద్ధతి ఒక్కటే. పెట్టె ఎర్రబడాలి, ఫలానాది నాకు అర్థం కాలేదని చెప్పాలి, సరైన అంకె పడేదాకా అడుగు ముందుకు వెయ్యకూడదు.

బావకు ఊరి బయట హేచరీ ఉంది. కోడిగుడ్లను మూడు వారాలు పొదిగించి, పిల్లలను అమ్ముతాడు. మూడు పొదిగే గదులు, ఒక్కోదానికీ మందపాటి ఇనుప తలుపు, లోపల నేల నుంచి కప్పుదాకా గుడ్ల ట్రేలు. ఏ గదిలో ఎంత వేడి, ఎంత తేమ, పైనున్న గాలి రెక్కలు ఎంత తెరుచుకోవాలి అన్నదంతా ఆఫీసు గదిలోని కంప్యూటర్ నుంచే. గుడ్డు పెంకులో ఉన్నా పిల్ల ఊపిరి తీస్తుంది. పిల్ల పెరిగేకొద్దీ రెక్కలు ఇంకాస్త తెరవాలి. అది మనిషి చూసుకుని అంకె కొట్టవలసిన పని.

ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క ఇంట్లో భోజనాల దగ్గర బావ పంచాయితీ పెట్టాడు.

"ఇదిగో అమ్మాయ్, మా వాడు గాలికి పదిహేను శాతం అని కొడితే నీ ప్రోగ్రాం ఒప్పుకోలేదట. పదిహేను శాతం అంటే పదిహేను కాక పదహారా?"

"శాతం గుర్తు సంగతి మొన్ననే సర్దేశాను బావా. ఇప్పుడు ఒప్పుకుంటుంది."

"మరి పదిహేను గీత ఇరవై అని కొడితే?"

"అదెలా ఒప్పుకుంటుంది? పదిహేనా, ఇరవయ్యా?"

"ఏదో ఒకటి వేసుకోమను! పదిహేనైనా ఇరవై అయినా కొంపలేం మునగవు."

"ఏదో ఒకటి వేసుకుంటే దాన్ని యంత్రం అనరు బావా, జూదగాడు అంటారు. మీవాళ్ళను ఒక్క అంకె కొట్టమనండి. ఒక్కటంటే ఒక్కటి."

బావ మొహం చిన్నబోయింది. "పనివాళ్ళు పారిపోతున్నారమ్మా. చేతులకు గుడ్డు సొన అంటుకుని ఉంటుంది, మాటిమాటికీ వచ్చి ఆ ఎర్ర పెట్టెకు సమాధానం చెప్పుకోలేకపోతున్నారు."

"ఎర్ర పెట్టె ఉండి తీరాల్సిందే" అని ఆమె కంచం తీసుకుని లేచింది. అక్క మాట మార్చింది. ఆమె భర్త మాత్రం తలొంచుకుని తింటున్నాడు. బావ తోడల్లుడి వంక ఒకసారి చూశాడు. ఆ చూపు ఆమెకు కనపడలేదు.

ఆ తరువాత బావ నుంచి ఫిర్యాదులు రాలేదు. పనివాళ్ళకు అలవాటైందేమో అనుకుంది. చెక్‌పోస్టు అని వెక్కిరించడం కూడా మానేశాడు. అప్పుడైనా ఆమెకు అనుమానం రావలసింది.

ఎండలు ముదిరాయి. ఒక ఉదయం అక్క ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది, పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు.

"ఓసారి వస్తావే?"

"ఏమైంది అక్కా?"

"ఏం లేదు. మా గుడ్లు చూసే దీపాలావిడ నిన్న మూడో గది గుమ్మంలో పడిపోయింది. డాక్టర్ నీరసం అన్నాడు. ఈరోజు మళ్ళీ పనికొచ్చింది గానీ తలెత్తలేకపోతోంది."

"ఎండదెబ్బేమో."

"ఏమో. అది కాదే..." అక్క ఆగింది. "రెండో గది, మూడో గది ఈరోజు పిల్లలు దిగాలి. తెల్లారిందగ్గర్నుంచీ వింటున్నా. చప్పుడు లేదు."

భర్త కూడా బయల్దేరాడు. కారులో అతను మామూలుగానే ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. పిల్లలు దిగే రోజు హేచరీ ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. గేటు దగ్గరికే వినిపిస్తుంది ఆ కిచకిచ. వేల గొంతులు కలిసి, గోడల్లోంచి ఉడుకు నీళ్ళు పొంగుతున్నట్టు. ఆ రోజు అక్క చెవుల్లో దూది పెట్టుకుని తిరిగేది.

గేటు దగ్గర దిగారు. ఏమీ వినపడలేదు. నడవాలో నడిచారు. చెప్పుల చప్పుడు, ఫ్యాన్ల హోరు, అంతే. గుడ్లను దీపం ముందు పట్టి లోపల పిల్ల ఉందో లేదో చూసే ఆవిడను అందరూ దీపాలావిడ అంటారు. ఆవిడ ఆఫీసు గది ముందు స్టూలు మీద, కణతలు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

"ఎలా ఉంది పిన్నీ?" అని ఆమె ఆవిడ పక్కన కూర్చుంది.

"తల పగిలిపోతోందమ్మా. నాలుగు రోజులైంది. ఇంటికెళ్తే తగ్గుతుంది, ఇక్కడికొస్తే మొదలు. మా కోడలు పని దొంగవయ్యావు అత్తా అంటోంది." నవ్వబోయి మూలిగింది. "ఆ గదిలోకి పోతే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది."

ఆమె లేచి ఆఫీసు గదిలోకి వెళ్ళింది. బావ కంప్యూటర్ ముందే ఉన్నాడు. రాత్రి నిద్రలేదని మొహం చెబుతోంది.

"అన్నీ బాగానే ఉన్నాయమ్మా. చూడు. వేడి సరిగ్గా ఉంది. తేమ సరిగ్గా ఉంది. గాలి ఎంత కావాలో అంత పెట్టాం. అన్నీ పచ్చగానే ఉన్నాయి. ఒకటి రెండు పూటలు ఆలస్యమవుతుందేమో, అంతే. కదా?"

ఆమె వంగి తెర చూసింది. మూడో గది, గాలి రెక్కలు: 40-50.

బావకు అందులో ఏ తప్పూ కనపడదు, ఎవరికీ కనపడదు. కానీ ఆ పెట్టెను రాసింది ఆమె. ఆ పెట్టెలో ఆ రాత ఉండటానికి వీల్లేదు. తాళం వేసిన తన ఇంట్లో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి కుర్చీలో కూర్చుని ఉన్నట్టు, ఆ గీత అటూ ఇటూ రెండు అంకెలతో అక్కడ ఉంది.

"లేవండి బావా" అంది.

కుర్చీలో కూర్చుని, ఖాళీగా పడి ఉన్న పరీక్ష పెట్టెలో 'కాకి' అని కొట్టింది. పెట్టె ఎర్రబడలేదు. కిక్కురుమనలేదు. కాకిని తీసుకుని, పచ్చ గుర్తు వెలిగించి, బుద్ధిగా ఊరుకుంది. వెనకాల ఆమె భర్త కూనిరాగం ఆగిపోయింది.

యంత్రానికి నిజంగా ఏ అంకె చేరుతోందో చూపించే పేజీ ఒకటి ఉంది. దాన్ని ఆమె తప్ప ఎవరూ తెరవరు. తెరిచింది. రెండో గది, గాలి రెక్కలు: 0. మూడో గది: 0.

ఆమె పరిగెత్తింది. మూడో గది ఇనుప తలుపు పిడి పట్టి లాగింది. తలుపు జిగురు వదిలినట్టు వదిలింది. వేడిగా, బరువుగా, వాడేసిన గాలి మొహాన కొట్టింది. రెండడుగులు వేసేసరికి ఊపిరి అందలేదు. ఎంత పీల్చినా చాలలేదు. భర్త భుజం పట్టి వెనక్కి లాగాడు. "తలుపులన్నీ తెరవండి! ఫ్యాన్లు తెండి!" అని బావ అరుస్తున్నాడు. పనివాళ్ళు చేతికందిన అట్టముక్కలతో విసరడం మొదలుపెట్టారు.

గాలి మారాక ట్రేలు బయటికి లాగారు. రెండో గదిలో కొన్ని గుడ్లకు చిన్న చిన్న పగుళ్ళున్నాయి. ఒక పగులులోంచి ముక్కు కొన కనిపిస్తోంది. దీపాలావిడ తన తలనొప్పి సంగతి మరిచిపోయి గుడ్డు తరువాత గుడ్డు దీపం ముందు పట్టింది. పట్టి, పక్కన పెట్టింది. చాలాసేపటికి ఒక గుడ్డును చెవి దగ్గర పెట్టుకుని, "ఇది ఉందమ్మా" అంది. అలాంటివి రెండో గదిలో బుట్టెడు దొరికాయి. మూడో గదిలో ఏమీ దొరకలేదు. మొదటి గదిలోవి లేత గుడ్లు, ఎవరికో మంచి బుద్ధి పుట్టి దానికి ఒకే అంకె కొట్టారు కాబట్టి అవి బతికాయి.

బావ నడవాలో గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "తెర మీద నలభై ఉంది కదమ్మా. నా కళ్ళతో చూశాను."

"తెర మీద ఉంది బావా. లోపల సున్నా ఉంది. అది అంకెగా మారలేదు. మారనప్పుడు ఏమీ అనకుండా సున్నా వేసుకోమని ఎవరో నేర్పారు. కొట్టింది కొట్టినట్టు తెర మీద ఉంచి, కింద మాత్రం సున్నా పంపమని." ఆమె తల అడ్డంగా ఊపింది. "నేను కాదు."

అక్క అందరి మొహాలూ చూస్తోంది.

"నేనే" అన్నాడు భర్త. "అన్నయ్య అడిగారు. అర్ధగంట పని. ఆ ఎర్ర పెట్టె రాకుండా చేస్తే చాలన్నారు. సున్నా వస్తే యంత్రం తన పాత అంకె మీదే ఉంటుందనుకున్నాను. ఉండదని... కనుక్కోలేదు."

బావ తలెత్తలేదు. అడిగింది తానే గనక ఏమని తిడతాడు? అక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దీపాలావిడ భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. "నిన్న ఈవిడ గుమ్మంలో పడింది" అంది మెల్లగా. "లోపల పడి, తలుపు మూసుకుని ఉంటే?"

ఆమె మొదట చేసిన పని పాత ప్రోగ్రామును మళ్ళీ పెట్టడం. మూడు గదులకూ అంకెలు తన చేత్తోనే కొట్టింది. తరువాత కారు దగ్గరికి నడిచింది. భర్త వెనకే వచ్చాడు.

"నీకు చెబుదామనే అనుకున్నా..."

"ఆ ముక్క ఇంకెక్కడైనా పెట్టావా?"

అతను తాళం చెవి వేలికి తిప్పుకుంటూ నిలబడిపోయాడు. ఆ ఆలస్యంలోనే ఆమెకు సమాధానం అందింది.

"చెప్పు."

"రంగులు కలిపిచ్చే దుకాణంలో. వాళ్ళూ ఒకటే గోల పెడుతుంటే. తరువాత... కూరగాయల కోల్డ్ స్టోరేజీలో."

"ఇంకా?"

"లాండ్రీలో."

ఆమె కారు బానెట్ మీద చెయ్యి ఆనించింది. ఎండకు కాలిపోతోంది, చెయ్యి తియ్యలేదు. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రి గుడ్డలు ఉతికే పెద్ద లాండ్రీ అది. వెనక షెడ్డులో ఆవిరి బాయిలర్ ఉంది. బాయిలర్‌లో నీటి మట్టం ఇంతకంటే తగ్గితే పంపు తిరగాలి, మంట ఆగాలి అని ఒక పెట్టెలో అంకె కొట్టాలి. ఆ అంకె సున్నా అయితే పంపు ఎప్పటికీ తిరగదు. మంట ఎప్పటికీ ఆగదు.

"ముందు లాండ్రీకి చెయ్యి" అంది.

మోగింది, మోగింది, ఆగింది. మళ్ళీ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. దారిలో ఆమె కోల్డ్ స్టోరేజీకి చేసింది. వాళ్ళు ఎత్తి, తెర చూసి, ఉత్త అంకే ఉందన్నారు. రంగుల దుకాణం వాళ్ళు నీలం సరిగ్గా రావడం లేదని దెప్పడం మొదలుపెడితే మధ్యలోనే పెట్టేసింది. లాండ్రీకి మళ్ళీ చేసింది. మోగుతూనే ఉంది.

"ఆ యంత్రాల మోతలో వినపడదులే" అన్నాడు అతను. స్టీరింగ్ మీద వేళ్ళు తెల్లబడ్డాయి. "మొన్నటిదాకా బాగానే నడిచింది. సరైన అంకే ఉంది, నేను చూశా."

"కంప్యూటర్ ఆపి మళ్ళీ వేస్తే ఆ అంకె మళ్ళీ అడుగుతుంది. అలా అడగాలనే రాశాను."

అతను కారు వేగం పెంచాడు.

లాండ్రీలో ఎప్పటిలాగే ఉంది. ఆవిరి, సబ్బు వాసన, గుడ్డలు మడిచే ఆడవాళ్ళ కబుర్లు. యజమాని లావుపాటి మనిషి, తడి చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. "రండి రండి! పొద్దున కరెంటు పోయి కంప్యూటర్ ఆగింది. మావాడే మళ్ళీ వేశాడు. మీ ఆయన పుణ్యమా అని ఇప్పుడు ఏం కొట్టినా ఊరుకుంటోంది, బంగారంలాంటి ప్రోగ్రాం!"

ఆమె అతన్ని దాటుకుని తెర చూసింది. అంకె ఉండవలసిన చోట 'సగం' అని ఉంది.

ముగ్గురూ వెనక షెడ్డులోకి వెళ్ళారు. బాయిలర్ పక్కన నిలువుగా ఒక గాజు గొట్టం ఉంటుంది. లోపల నీళ్ళెంత ఉన్నాయో అందులో కనిపిస్తుంది. గొట్టం అడుగుదాకా ఖాళీ. కింద మంట హాయిగా మండుతోంది. కాలిన పెయింట్ వాసన వస్తోంది.

"అమ్మో! నీళ్ళు అయిపోయినట్టున్నాయే" అని యజమాని నీళ్ళ వాల్వు మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకోకండి!" ఆమె అరిచిన అరుపుకు బయట కబుర్లు ఆగిపోయాయి. ఈ ప్రోగ్రాం రాసేటప్పుడు బాయిలర్ మిస్త్రీ దగ్గర కూర్చుని ఆమె అంతా అడిగి తెలుసుకుంది. కాలిపోతున్న ఇనుము మీద చన్నీళ్ళు పడితే ఒక్కసారిగా ఆవిరై బాయిలర్ పేలిపోతుంది.

యజమానికి అర్థం కాలేదు. చెయ్యి అప్పుడే తిప్పబోతోంది. ఆమె భర్త దూకి ఆ మణికట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఎవరితోనూ కాదనని మనిషి, ఆ లావుపాటి మనిషిని గోడకేసి నెట్టాడు.

"వదలయ్యా! నా బాయిలర్ కాలిపోతుంటే..."

"వద్దన్నానా! వద్దు!"

ఆమె గ్యాస్ మీట కట్టేసింది. మంట టప్పున ఆరింది. "అందరూ బయటికి! రోడ్డు మీదికి!" అని అరుచుకుంటూ వెళ్ళింది. తడి గుడ్డలు వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా అందరూ రోడ్డు అవతలికి చేరారు. షెడ్డులోంచి టక్కు, టక్కు అని ఇనుము చప్పుడు వినిపిస్తోంది. చప్పుడు వచ్చినప్పుడల్లా ఒకావిడ పక్కావిడ చెయ్యి గట్టిగా పట్టుకుంటోంది. యజమాని మాత్రం ఎండలో నిలబడి తిడుతూనే ఉన్నాడు. సాయంత్రానికి హోటల్ వాళ్ళకు ఏం ఇవ్వాలి, ఆసుపత్రి వాళ్ళకు ఏం చెప్పాలి, ఆడది వచ్చి కేకేస్తే పని ఆపేసుకునే గతి నాకేమిటి అని.

చప్పుడు మెల్లగా తగ్గింది. చివరికి ఆగింది. ఏమీ పేలలేదు.

మర్నాడు బాయిలర్ పూర్తిగా చల్లారాక మిస్త్రీ వచ్చి మూత విప్పాడు. టార్చి వేసి లోపలికి చూశాడు, యజమానిని పిలిచి చూడమన్నాడు. లోపలి గొట్టాలు నీలం తిరిగి, ఎండిన బెండకాయల్లా వంగిపోయి ఉన్నాయి. యజమాని చాలాసేపు చూశాడు. తిట్లేవీ మిగల్లేదు. కొళాయి దగ్గరికి వెళ్ళి ఊరికే మొహం కడుక్కుంటూ నిలబడ్డాడు.

బావ రెండు గదులూ కడిగించి, సున్నం కొట్టించాడు. దీపాలావిడ తలనొప్పి పోయింది గానీ మూడో గదిలోకి మాత్రం ఇక పోనంది, ఎవరూ పొమ్మనలేదు. అక్కాబావలు ఆదివారం భోజనానికి పిలవడం కొన్నాళ్ళు మానేశారు. కోపం కాదు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేక.

ఇంట్లో ఇద్దరూ ఎవరి బల్ల దగ్గర వాళ్ళు కూర్చున్నారు. అతను రాసిన ఆ ముక్క ఉన్న చోటల్లా ఆమె వెతికి చెరిపేసింది. తరువాత కుర్చీ అతని వైపు తిప్పింది.

"ఇంకెక్కడా లేదు కదా?"

"లేదు" అన్నాడు.

ఆమె మళ్ళీ తెర వైపు తిరిగింది. కాసేపటికి వెనక నుంచి అతని గొంతు వినిపించింది.

"నాకు గుర్తున్నంతలో లేదు."